పీవీకి టికెట్ వద్దన్నారు, బరంపురాన్ని మాత్రం అడగలేదు

రైల్వే స్టేషన్ బోర్డు మీద మా ఊరి పేరు బ్రహ్మపుర అని ఉంటుంది. మేం బరంపురం అనే అంటాం. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊరు ఇది. ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ నడుస్తాయి. పీవీ నరసింహారావు నియోజకవర్గాలు చెప్పమంటే ఆంధ్రా, తెలంగాణ వాళ్ళు మంథని, హనుమకొండ, నంద్యాల అంటారు. కొంచెం ఎక్కువ తెలిసినవాళ్ళు మహారాష్ట్రలోని రామ్‌టెక్ కూడా కలుపుతారు. మా బరంపురం ఎవరికీ గుర్తు రాదు. కానీ ఆయన లోక్‌సభలో చివరిసారి కూర్చున్నది మా ఓట్లతోనే.

1998 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. ఆయన పార్టీ అధ్యక్ష పదవి దిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. అది న్యాయమా అన్యాయమా అన్నది మా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. మా నాన్న బడిపంతులు. పెద్ద బజారులో ఆయన బట్టలు కుట్టించుకునే దర్జీ భాయి, తెలుగు, ఒడియా, ఉర్దూ మూడూ మాట్లాడేవాడు. ఆ ఇద్దరికీ ఈ విషయం మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది. "తెలుగువాడని పక్కన పెట్టారు" అనేవారు నాన్న. "బాబ్రీ మసీదు కూలిన డిసెంబర్ 6న ఆయన ఎక్కడున్నాడు మాస్టారూ?" అనేవాడు భాయి. చిన్నప్పుడు ఒకరు మాట్లాడుతుంటే ఒకరు చెప్పింది నిజమనిపించేది. ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారని నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు.

ముందు జరిగిందేమిటో వరుసగా చూద్దాం. జనం మాటల్లో చాలా విషయాలు కలగాపులగం అయిపోయాయి.

1996 ఎన్నికల్లో పీవీ రెండు చోట్ల పోటీ చేశారు: నంద్యాల, బరంపురం. రెండూ గెలిచారు. నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. అప్పుడు ఒడిశాలో జానకీ వల్లభ్ పట్నాయక్ ముఖ్యమంత్రిగా కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది. తెలుగు మాట్లాడే ఓటర్లు గణనీయంగా ఉన్న సీటు ఇది. అంతకుముందు రెండు ఎన్నికల్లోనూ పర్లాకిమిడి రాజకుటుంబానికి చెందిన గోపీనాథ్ గజపతి కాంగ్రెస్ తరఫున గెలిచిన చోటు. అంటే పార్టీకి గట్టి సీటు, ఆయనకు భాష తెలిసిన సీటు.

ఇక్కడ గెలిచారు గానీ దేశంలో ఓడిపోయారు. కాంగ్రెస్‌కు 140 సీట్లే వచ్చాయి. వాజ్‌పేయి 13 రోజుల ప్రభుత్వం, ఆ తర్వాత కాంగ్రెస్ బయటినుంచి మద్దతిచ్చిన దేవెగౌడ ప్రభుత్వం. ఈలోగా పీవీ మీద కేసులు ఒకదాని వెంట ఒకటి కోర్టుకెక్కాయి: లఖూభాయ్ పాఠక్ మోసం కేసు, సెయింట్ కిట్స్ ఫోర్జరీ కేసు, జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలకు ముడుపుల కేసు. 1996 సెప్టెంబర్‌లో పార్టీ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. సీతారాం కేసరి ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ డిసెంబర్‌లో పార్లమెంటరీ పార్టీ నాయకత్వం కూడా పోయింది. మళ్ళీ ప్రధాని అవుతాడని మా ఊరివాళ్ళు ఓటేసిన మనిషి ఏడు నెలల్లో మామూలు ఎంపీ అయ్యారు. 1997 డిసెంబర్‌లో లోక్‌సభ రద్దయింది. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి, బాబ్రీ మసీదును కాపాడలేకపోయిన మనిషికి కాంగ్రెస్ టికెట్ అడిగే హక్కు లేదని కేసరి తేల్చేశారు. బరంపురం టికెట్ ముఖ్యమంత్రి భార్య జయంతీ పట్నాయక్‌కు వెళ్ళింది.

ఇక్కడొక తేడా గట్టిగా చెప్పాలి. పీవీని కాంగ్రెస్ బహిష్కరించలేదు. సస్పెండ్ కూడా చేయలేదు. ఆయన చనిపోయే దాకా కాంగ్రెస్ మనిషే. పార్టీ తన నాయకుడిని దూరం పెట్టే దారులు చాలా ఉంటాయి: పదవి తీసేయడం, టికెట్ ఇవ్వకపోవడం, సస్పెండ్ చేయడం, బహిష్కరించడం. జనం మాట్లాడేటప్పుడు అన్నీ ఒకటే అనుకుంటారు. చట్టం దృష్టిలో ఇవి ఒకటి కాదు. బహిష్కరణకు గురైన ఎంపీకి వెంటనే సీటు పోదు. కానీ ఆయన గెలిచిన పార్టీ సభ్యుడిగానే లెక్కలో ఉంటాడని, వేరే పార్టీలో చేరితే ఫిరాయింపు చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. టికెట్ దగ్గరికి వస్తే చట్టం అసలు నోరే విప్పదు.

టికెట్ అంటే మనం పెద్ద మాటగా వాడతాం గానీ, కాగితం మీద అది బీ ఫారం. ఫలానా నియోజకవర్గంలో మా అభ్యర్థి ఫలానా మనిషి అని పార్టీ అధికారం ఇచ్చిన వ్యక్తి సంతకం పెట్టి ఇచ్చే పత్రం. ఆ సంతకం చేసే అధికారం ఎవరికుందో చెప్పేది ఏ ఫారం. రెండూ నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు అధికారుల చేతికి చేరాలి. చేరితే పార్టీ గుర్తు వస్తుంది. లేకపోతే ఎంత పెద్ద నాయకుడైనా స్వతంత్ర అభ్యర్థే. అయిదేళ్ళు ప్రధానిగా చేసినా, నలభై ఏళ్ళు పార్టీలో ఉన్నా, బీ ఫారం నా హక్కు అని కోర్టుకు వెళ్ళే దారి లేదు. ఎందుకివ్వలేదో చెప్పాల్సిన బాధ్యత కూడా పార్టీకి లేదు. నియోజకవర్గంలోని కార్యకర్తల అభిప్రాయం అడగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు.

ఈ కాగితం ఎంత పదునైనదో ఒడిశా వాళ్ళకు 2000లో ఇంకోసారి తెలిసింది. బిజూ జనతాదళ్‌లో నవీన్ పట్నాయక్ తర్వాత అంతటి మనిషి విజయ్ మహాపాత్ర. అభ్యర్థుల ఎంపికలో ఆయన మాటే నడుస్తుందనుకునేవారు. ఆయన అసెంబ్లీ సీటు పాట్కురాలో నామినేషన్ల చివరి ఘడియల్లో ఆయన పేరు తీసేసి, ఒక పత్రికా విలేఖరికి టికెట్ ఇచ్చారు. స్వతంత్రంగా వేసుకోవడానికి కూడా వ్యవధి లేకపోయింది. అయితే పాట్కురా జనం తమ మాట ఇంకో దారిలో చెప్పారు. విజయ్ మహాపాత్ర బలపరిచిన త్రిలోచన్ బెహెరాను గెలిపించారు.

సరే, హక్కు పార్టీదే. ఆ హక్కును వాడిన తీరు సరైనదేనా? అభిప్రాయాలు చీలేది ఇక్కడే. అవి భాషను బట్టో కులాన్ని బట్టో మాత్రమే చీలలేదు.

భాయి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. 1992 డిసెంబర్ 6న మసీదు కూలింది. ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ ప్రభుత్వం మసీదును కాపాడతామని సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది నిజమే. కానీ ఆ హామీని నమ్మి కూర్చోవడం ప్రధాని చేయాల్సిన పనేనా? ముందే రాష్ట్రపతి పాలన పెట్టొచ్చు కదా? కాంగ్రెస్‌కు తరతరాలుగా ఓటేసిన ముస్లిం కుటుంబాలు ఆ రోజుతో వెనుదిరిగాయి. పోలింగ్ బూత్ దగ్గర ఏం జరిగిందో లెక్కలే చెబుతాయి. 1996లో ఉత్తరప్రదేశ్‌లోని 85 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కినవి 5. అలాంటప్పుడు పార్టీ "మేం తప్పు చేశాం" అని ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా, ఆ మనిషిని నిలబెట్టకపోవడమే ఆ మాట చెప్పడం అని భాయి అనేవాడు. గాయపడినవాడికి ఆ మాత్రం మర్యాద దక్కాలని నేనూ ఒప్పుకుంటాను.

నాన్న వాదనలో కోపం పాలు ఎక్కువ. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో ప్రధాని తెలుగువాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థినే నిలబెట్టలేదు, ప్రత్యర్థి ఇచ్చిన గౌరవం సొంత పార్టీ ఇవ్వలేదని ఆయన బాధ. ఆంధ్రాకు బయట బతికే తెలుగువాళ్ళకు ఇలాంటివి ఇంకా లోతుగా తగులుతాయి. ఇంటి భాషకు ఊళ్ళో బోర్డు మీద చోటు లేనివాళ్ళకు, ఆ భాష మాట్లాడే ప్రధాని మా ఎంపీ అని చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. కానీ పీవీని తెలుగువాడు కాబట్టి ఆపారనడానికి నాకు ఆధారం కనబడలేదు. అదే పార్టీ అదే కాలంలో ఎందరో తెలుగువాళ్ళకు టికెట్లిచ్చింది. ఆ మాట నాన్నకు చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మూడో వాదన ఒడియా, తెలుగు తేడా లేకుండా కోర్టుపేటలో వినబడేది. కోర్టులో ముద్దాయిగా ఉన్న మనిషికి పార్టీ టికెట్ ఎలా ఇస్తుంది? ఈ వాదన దగ్గర ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఈ నియమం పెట్టింది పీవీయే. 1996 ఎన్నికలకు ముందు, నాయకులకు దొంగ డబ్బు ముట్టిందన్న జైన్ హవాలా కేసులో పేర్లు వచ్చిన మాధవరావ్ సింధియా, కమల్‌నాథ్ లాంటివాళ్ళకు ఆయన అధ్యక్షుడిగా ఉన్న పార్టీ టికెట్లు నిరాకరించింది. సింధియా వేరే పార్టీ పెట్టుకుని గ్వాలియర్‌లో గెలిచారు. ఆ తర్వాత హవాలా కేసు కోర్టులో నిలబడలేదు. అంతకుముందు 1995లో సీనియర్ నాయకుడు అర్జున్ సింగ్‌ను బహిష్కరించినప్పుడు కూడా అధ్యక్షుడు పీవీయే. 1992లో తిరుపతి సమావేశంలో చాలా ఏళ్ళ తర్వాత కార్యవర్గానికి ఎన్నికలు పెట్టించిన ఘనత ఆయనదే. ఎన్నికైనవాళ్ళ చేత రాజీనామాలు చేయించి మళ్ళీ తానే నియమించుకున్నదీ ఆయనే. పార్టీలో నిర్ణయాలు పైనుంచి వచ్చే పద్ధతిని ఆయన మార్చలేదు. ఆ పద్ధతే చివరికి ఆయన మీద పనిచేసింది. పీవీని ఇష్టపడేవాళ్ళం ఈ భాగాన్ని దాటేసి మాట్లాడకూడదు.

ఆయన కేసులు కూడా కోర్టులో నిలబడలేదు. జేఎంఎం కేసులో 2000లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. లఖూభాయ్ కేసులో 2003లో నిర్దోషి అన్నారు. సెయింట్ కిట్స్ కేసూ నిలవలేదు. కానీ 1998లో టికెట్ ఇచ్చేవాళ్ళకు ఇవేవీ తెలియవు. అందుకని కేసులున్నాయి కాబట్టి ఆపాం అని పార్టీ చెప్పి ఉంటే, దాన్ని తప్పనలేం.

పార్టీ చెప్పిన కారణం అది కాదు. మసీదు అని చెప్పింది. నాకు మింగుడుపడనిది ఇదే. 1992 డిసెంబర్ 6న సీతారాం కేసరి ఎక్కడున్నారు? పీవీ మంత్రివర్గంలోనే ఉన్నారు, సంక్షేమ శాఖ చూస్తూ. మంత్రివర్గానిది సమష్టి బాధ్యత. ఆ రోజు ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎందరో 1998లో టికెట్లు తెచ్చుకున్నారు, టికెట్లు పంచారు కూడా. మసీదు కూలిన మూడేళ్ళ తర్వాత, 1996లో, అదే పీవీ ముఖం పెట్టుకుని పార్టీ ఓట్లడిగింది. మా ఊళ్ళో గోడల మీద చేతి గుర్తు పక్కన ఆయన బొమ్మే ఉండేది. కూల్చివేత మీద వేసిన లిబర్హాన్ కమిషన్ నివేదిక 2009లో గానీ రాలేదు. అంటే 1998లో పార్టీ చేతిలో విచారణ లేదు, తీర్పు లేదు, పార్టీ లోపల చర్చ జరిపి చేసిన తీర్మానం లేదు. అందరూ కలిసి మోయాల్సిన బరువు ఒక ముసలాయన నెత్తిన పెట్టి, మిగిలినవాళ్ళు చేతులు దులుపుకున్నారు. తప్పు ఒప్పుకోవడం వేరు, తప్పు ఒకడిదేనని చూపించడం వేరు.

దానివల్ల వచ్చిన లాభం కూడా కనబడదు. 1998లో కాంగ్రెస్‌కు 141 సీట్లు వచ్చాయి. 1996 కంటే ఒక్కటి ఎక్కువ. ఎవరి మనసు గెలవడానికి అలా చేశారో ఆ ఉత్తరప్రదేశ్‌లో ఒక్క సీటూ రాలేదు. ఆ మార్చిలోనే కేసరి కూడా అధ్యక్ష పదవి పోగొట్టుకున్నారు.

మరి బరంపురం ఏమంది? ఇక్కడ నాన్నకు నచ్చని నిజం ఒకటుంది. జయంతీ పట్నాయక్ గెలిచారు. పీవీని కాదన్న పార్టీని మా నియోజకవర్గం శిక్షించలేదు. ఆమె ఊరూపేరూ లేని అభ్యర్థి కాదు. కటక్ నుంచి రెండుసార్లు ఎంపీగా చేశారు, జాతీయ మహిళా కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు. పీవీ ఎంత బయటివారో ఆమె కూడా అంతే బయటివారు. ఆ గెలుపును చూపించి, "జనానికి పట్టలేదు, పార్టీ చేసింది సరే" అనేవాళ్ళున్నారు. 1999లో అదే సీటులో బీజేపీ అభ్యర్థి అనాది సాహు గెలిచారు. దాన్ని చూపించి, "అదుగో, కాంగ్రెస్‌కు బుద్ధి చెప్పారు" అనేవాళ్ళూ ఉన్నారు. నేను రెండూ నమ్మను. పీవీ స్వతంత్రంగా నిలబడలేదు. బ్యాలెట్ కాగితం మీద లేని పేరు గురించి ఓటరు ఏం చెప్పగలడు? ఎన్నికల ఫలితం నుంచి జవాబు తీయాలంటే, ముందు ఆ ప్రశ్న ఓటరు ముందుకు రావాలి.

అలా వచ్చిన చోటు ఒకటుంది, మనకు చాలా దూరంలో. బ్రిటన్‌లో లేబర్ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ కార్బిన్. ఆయన కాలంలో పార్టీలో యూదు వ్యతిరేకత మీద వచ్చిన ఫిర్యాదుల గురించి 2020లో ఒక అధికారిక సంస్థ నివేదిక ఇచ్చింది. దానిమీద ఆయన అన్న మాటలకు పార్టీ సస్పెండ్ చేసింది. కొద్ది రోజులకే సభ్యత్వం తిరిగి వచ్చింది గానీ, పార్లమెంటులో పార్టీ ఎంపీగా చేర్చుకోలేదు. 2023 మార్చిలో పార్టీ జాతీయ కార్యవర్గం 22–12 ఓట్లతో ఆయనను అభ్యర్థిగా నిలబెట్టకూడదని తీర్మానించింది. అక్కడా ఇదే గొడవ: ఎవరు నిలబడాలో మేం తేల్చుకుంటామని స్థానిక సభ్యులు, దేశమంతా గెలవాలంటే ఇది తప్పదని నాయకత్వం. 2024లో కార్బిన్ స్వతంత్రంగా నిలబడి, 1983 నుంచి తనదైన ఇస్లింగ్టన్ నార్త్‌లో 7,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. దేశంలో లేబర్ 400 సీట్లు దాటింది. ఎవరి వాదన నెగ్గింది? రెండూ నెగ్గాయి. దేశం పార్టీకి ఓటేసింది, ఆ నియోజకవర్గం మనిషికి ఓటేసింది. కనీసం అక్కడ తీర్మానానికి ఓటింగ్ జరిగింది, ఎందరు అవునన్నారో ఎందరు కాదన్నారో లెక్క బయటికొచ్చింది. పీవీ విషయంలో అలాంటి అంకె ఒక్కటి కూడా మన దగ్గర లేదు.

మన దేశంలో పార్టీలు నాయకులను గెంటేసిన చరిత్ర తవ్వితే మళ్ళీ బరంపురమే తగులుతుంది. వి.వి. గిరి 1894లో ఇక్కడే పుట్టారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి మీద ఆయన స్వతంత్రంగా నిలబడ్డారు. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. గిరి గెలిచారు. ఆ నవంబర్‌లో కాంగ్రెస్ పార్టీ ప్రధానిగా ఉన్న ఇందిరనే బహిష్కరించింది. పార్టీ రెండుగా చీలింది. 1971లో జనం ఇందిర వైపే నిలిచారు. గెంటేసినవాళ్ళు కనుమరుగయ్యారు. ఇందిర చేతిలో ప్రభుత్వం ఉంది, వెనుక ఎంపీలున్నారు, వయసుంది. 1998లో పీవీకి 76 ఏళ్ళు, చుట్టూ వర్గం లేదు, కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. పార్టీ నాయకుడిని వదిలేసిందా, నాయకుడు పార్టీని తీసుకుపోయాడా అన్నది చాలాసార్లు ఆ రోజు ఎవరి వెంట ఎందరున్నారన్న దాన్నిబట్టే తేలుతుంది. 1995లో ఎన్టీఆర్ విషయంలో మనం చూసిందీ అదే.

ఇక 2004 డిసెంబర్. పీవీ 23న ఢిల్లీలో కన్నుమూశారు. మర్నాడు అంతిమయాత్ర అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ కార్యాలయం గేటు ముందు ఆగింది. మాజీ అధ్యక్షుడి భౌతికకాయాన్ని లోపలికి తీసుకెళ్ళలేదు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. ఢిల్లీలో ఆయనకు స్మారకం రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది, భారతరత్న 2024లో వచ్చింది. రెండూ బీజేపీ ప్రభుత్వ కాలంలోనే. 1998 నాటి టికెట్‌ను, 2004 నాటి గేటును జనం ఒకే కథగా చెబుతారు. నేను విడదీస్తాను. టికెట్ రాజకీయ నిర్ణయం, దాన్ని సమర్థించడానికీ తప్పుపట్టడానికీ కారణాలున్నాయి. గేటు దగ్గర జరిగినదానికి ఏ కారణం చెప్పినా నా మనసు ఒప్పుకోదు.

ఆ రాత్రి టీవీలో ఆ దృశ్యం చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే పెద్ద బజారు వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. భాయి మిషన్ ఆపి స్టూలు జరిపాడు. "చనిపోయిన మనిషిని బయట నిలబెట్టకూడదు మాస్టారూ. అది తప్పు" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "టికెట్ ఇవ్వకపోవడం మాత్రం తప్పు కాదు. ఆ మాట మీదే ఉన్నా" అన్నాడు.

నాన్న వాదించలేదు. "సరే భాయి, ఇవ్వకూడదనే అనుకుందాం. ఓటేసినవాళ్ళం మనం ఉన్నాం కదా. ఒక్క మాట మనల్ని అడగాల్సింది కాదా?"

భాయి కత్తెర తీసి పక్కన పెట్టాడు. "మీకోసమే ఇదంతా చేశామని నా పేరు చెప్పారు మాస్టారూ," అన్నాడు, "నన్నూ ఎవరూ అడగలేదు."